బాపుకు పడని గోలీలు

మా బాపు కాలి చెప్పు దారిలో ఎక్కడో ఊడిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. షిఫ్టు బస్సు దిగిన చోటి నుంచి మా క్వార్టరు దాకా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తగా, అట్లాగే నడిచి వచ్చి గడప ముందు నిలబడ్డాడు. ఎండాకాలం, తారు రోడ్డు కాలిపోతోంది. "ఇంకో చెప్పేది?" అని మా అవ్వ అడిగేదాకా ఆయన కిందికి చూసుకోనే లేదు. చూసుకున్నాక కూడా, "గిప్పటిదాంక ఉండెనే," అన్నాడు.

మల్టీవిటమిన్ గోలీల మీద నాకున్న కసి అంతా ఆ చెప్పుతోనే మొదలైంది కాబట్టి అక్కడి నుంచే చెప్పుకొస్తున్నాను.

బాపుది బొగ్గుబాయిలో టింబర్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టాలి. అక్కడ కాలు ఎక్కడ పెడుతున్నాడో తెలియని మనిషి ఎట్లా పని చేస్తాడో ఆలోచించడానికే నాకు భయం. మేముండేది మంచిర్యాల వైపు కంపెనీ క్వార్టర్లలో. నేను లక్సెట్టిపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. మా అమ్మను నేను అవ్వ అంటాను. అవ్వకూ బాపుకూ నేనొక్కతే బిడ్డను. పెళ్లి ఇంకా కాలేదు. ఆ సంగతి మా వాడకట్టు మొత్తం చూసుకుంటోంది కాబట్టి ఇక్కడ రాయను.

మర్నాడే బాపును కరీంనగర్ తీసుకుపోయాను. డాక్టరు ఆయన అరికాలిలో గుండుసూదితో పొడుస్తూ "తెలుస్తోందా?" అని అడిగాడు. బాపు గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. పొడుస్తున్నది తన కాలినే అని ఆయనకు తెలియలేదు. రక్త పరీక్ష కాగితం వచ్చాక డాక్టరు నాతో అన్నాడు, "విటమిన్లు బాగా తక్కువున్నాయమ్మా, ముఖ్యంగా బి ట్వెల్వ్. నరాలు మొద్దుబారుతున్నాయి. ఇప్పుడు పట్టుకుంటే తిరిగొస్తాయి. వదిలేస్తే రావు. మంచి మల్టీవిటమిన్ ఏదైనా సరే, రోజుకొకటి, తిన్నాక. ఆరు నెలలు తప్పకుండా వెయ్యాలి. సూదుల సంగతి తర్వాత చూద్దాం."

మంచిది ఏదైనా సరే. ఆ ఒక్క మాట నా ప్రాణం తీసింది. ఒక పేరు రాసిచ్చి ఉంటే అది కొని ఇంటికి పోయేదాన్ని.

ఆ రోజే కరీంనగర్‌లో బాపుకు వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాను, మళ్లీ ఊడిపోకుండా. వేసుకుని నాలుగడుగులు నడిచి "మంచిగున్నయి" అన్నాడు. సైజు సరిపోయిందా అంటే సరిపోయిందన్నాడు. కూరలో ఉప్పు నుంచి ప్రభుత్వం దాకా అన్నిటికీ వంక పెట్టే మనిషి చెప్పులకు ఏ వంకా పెట్టలేదు. ఆ వంకలన్నీ గోలీల కోసం దాచిపెట్టుకున్నాడని నాకప్పుడు తెలియదు.

తిరిగొచ్చాక మంచిర్యాలలో మందుల షాపుకు పోయాను. మల్టీవిటమిన్ కావాలన్నాను. షాపాయన వెనకకు తిరిగి ఒక్కొక్కటే తీసి అద్దాల బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. మగవాళ్లకు, ఆడవాళ్లకు, యాభై దాటినవాళ్లకు, వ్యాయామం చేసేవాళ్లకు. ఒకదాని మీద గోల్డ్ అని, ఒకదాని మీద ప్లస్ అని, ఇంకోదాని మీద రెండూ. ఒక డబ్బా మీద పరుగెత్తే గుర్రం బొమ్మ. మా బాపు పరుగెత్తనక్కరలేదు, చెప్పు ఊడితే తెలిస్తే చాలు.

"వీటిలో ఏది మంచిది?" అని అడిగాను.

"అన్ని మంచియే మేడం."

"మరి తేడా ఏంటి?"

"రేటే మేడం."

ఏడో తరగతికి విటమిన్ల పాఠం చెప్పేది నేనే. ఏది లోపిస్తే ఏ జబ్బు వస్తుందో పట్టిక వేసి, చూడకుండా అప్పజెప్పించుకుంటాను. ఆ పట్టికలో ఉన్న అయిదారు విటమిన్లు ఈ డబ్బాల మీద ఇరవై ముప్పై అయ్యాయి. వాటి ముందు మైక్రోగ్రాములు, పక్కన శాతాలు. ఆ అక్షరాలు చీమ తలకాయంత. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. వెనక నిలబడ్డ ముసలాయన "జర జల్ది జెయ్ బిడ్డా, నాది దగ్గు మందే," అన్నాడు. సిగ్గుపడి చేతికందినది కొనుక్కుని వచ్చాను.

ఇంట్లో అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "జొన్నరొట్టె, పుంటికూర పప్పు తినేటోనికి గివన్ని ఎందుకు?" అంది. తింటున్నాడు కదా, మరి కాళ్లెందుకు మొద్దుబారాయి అన్నాను. "బాయిల దిగేటోళ్లకు కాళ్లు గట్లనే ఉంటయి," అంది అవ్వ. కంపెనీ డిస్పెన్సరీలో కూడా గోలీలు ఇస్తారు. కానీ ఉత్తగా ఇచ్చేదానికి మా కాలనీలో విలువ లేదు.

బాపు మాత్రం బుద్ధిమంతుడిలా ఒప్పుకున్నాడు. పొద్దున పొద్దున్నే ఏమీ తినకుండా షిఫ్టుకు పోతాడు. గోలీ తిన్నాకే వెయ్యాలి. "సద్ది తిన్నంక ఆడనే మింగుత," అన్నాడు. సద్ది అంటే డబ్బాలో కట్టుకుపోయే అన్నం. బాయిలో బాపు, ఆయనతో పాటు అదే పని చేసే ఇంకొకాయన ఒకే చోట కూర్చుని తింటారు. ఆయనను నేను కాక అని పిలుస్తాను. రోజూ ఒక గోలీ కాగితంలో చుట్టి సద్ది డబ్బా మూతలో పెట్టడం నా పని అయింది. రాత్రి అన్నం తిన్నాక నా ముందరే వేసుకోవచ్చు కదా అంటే, రాత్రిపూట ఒక గుటక పడుతుంది, దాని మీద గోలీ వద్దన్నాడు. అది నిజమే.

నాలుగు రోజులకు మొదటి ఫిర్యాదు వచ్చింది. "బిడ్డా, గా గోలీ మస్తు లావుంది. గొంతుల ఇరుకుతుంది. మింగినంక ఇనుము వాసన తేన్పులొస్తున్నయి."

కుక్కను కొట్టే రాయంత ముద్దలు మింగే మనిషికి గోలీ గొంతులో ఇరుక్కుందట. సరేనని చిన్న గోలీ కోసం మళ్లీ షాపుకు పోయాను. చిన్నది దొరికింది. వారానికి, "పసుపు నీళ్లు పోసినట్టు పోతుంది బిడ్డా, కామెర్లేమో జర చూడు," అన్నాడు. బి విటమిన్ వేసుకుంటే మూత్రం అట్లాగే ఉంటుంది, భయం లేదని సైన్సు టీచరులా అరగంట చెప్పాను. తలూపాడు. మూడు రోజులు ఆగి మళ్లీ అదే మాట చెప్పాడు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది.

మూడోది మార్చాను. అది వేడి చేసిందన్నాడు, నోరంతా పూసిందన్నాడు. నోరు చూపించమంటే "ఇయ్యాల తగ్గింది" అన్నాడు. బడిలో తోటి టీచర్లకు చెప్పుకుంటే తలా ఒక పేరు చెప్పారు. ఒకామె లేహ్యం మంచిదంది. ఇంకొకామె తను నెలకొకటి మారుస్తానని, అప్పుడే ఒంటికి అలవాటు కాదని చెప్పింది. లక్సెట్టిపేట బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, సంచిలోంచి డబ్బాలు తీసి లేబుళ్లు పోల్చుకుంటూ కూర్చునేదాన్ని. ఒకసారి కండక్టరు, "మెడికల్ రిప్రజెంటేటివా మేడం?" అని అడిగాడు.

మా చిన్నమ్మ కొడుకు దుబాయిలో ఉంటాడు. వీడియో కాల్‌లో ఈ గోల విని, "అక్కా, గాడ దొరికేటియన్ని సున్నం గోలీలు. నేను పంపుత ఆగు," అన్నాడు. జగిత్యాలకు వస్తున్న ఎవరితోనో పెద్ద సీసా పంపాడు. బస్సు ఎక్కి పోయి తెచ్చాను. దాని మీద సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. లోపల నూనెతో మెరిసే గోలీలు. మా అవ్వకు కూడా ఆ సీసా మీద గౌరవం కలిగింది, దేవుడి పటం పక్కన పెట్టింది. దుబాయి నుంచి వచ్చినదానికి మా దగ్గర ఎదురు మాట ఉండదు. ఇక ఈసారి పడి తీరుతుందనుకున్నాను.

శనివారం షిఫ్టు నుంచి వచ్చి బాపు మెల్లగా అన్నాడు, "గది చేపనూనె తోటి చేసిన్రట బిడ్డా. శనివారం పూట నీసు ఎట్ల మింగుత?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా బాపు శనివారం పాటించిన పాపాన పోలేదు. ఏకాదశి నాడు ఎండు చేపలు కావాలని అవ్వతో గొడవ పెట్టుకునే మనిషి. ఇప్పుడు శనివారం నీసు ఏమిటి? వయసు మీద పడితే భక్తి వస్తుందేమోనని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అక్కడ ఆగి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే అంతా తెలిసిపోయేది. కానీ నా బుర్రనిండా మైక్రోగ్రాములు ఉన్నాయి. మర్నాడు మళ్లీ షాపుకు పోయి, ఆకుపచ్చ గుర్తున్నది, చిన్నది, వేడి చెయ్యనిది, తేన్పులు రానిది కావాలన్నాను. షాపాయన నా మొఖం చూసి, "పెండ్లి సంబంధం చూసినట్టు చూస్తున్నరు మేడం," అన్నాడు.

ఆ మధ్యలోనే ఒకరోజు బాపు, "నీ పదో తరగతి మెమో, రెండు ఫొటోలు ఇయ్యి బిడ్డా," అన్నాడు. దేనికని అడిగితే కార్డుకన్నాడు. కంపెనీలో ఎప్పుడూ ఏదో ఒక కార్డు మారుస్తూనే ఉంటారు. ఇచ్చేశాను.

ఆకుపచ్చ గుర్తు గోలీకి ఫిర్యాదు రాలేదు. ఒక నెల గడిచింది, రెండో నెల నడుస్తోంది. గెలిచానని సంతోషపడ్డాను. ఫిర్యాదు లేదు కానీ గుణం కూడా లేదు. బాపు నడుస్తుంటే అడుగు టప్పున పడుతోంది, నేల ఎక్కడుందో వెతికినట్టు. ఒక మధ్యాహ్నం షిఫ్టు నుంచి బాయిలో తొడిగే బూట్లతోనే వచ్చాడు. విప్పితే ఒకదాని లోపల నెత్తురు గడ్డకట్టి ఉంది. ఇనుప మొల ఒకటి బూటు అడుగును చీల్చుకుని అరికాలిలో దిగింది. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు. అవ్వ ఏడుస్తూ కడిగి పసుపు పెట్టింది. సూది మందు వేయించి తీసుకొచ్చాను. "గింతదానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు బాపు. ఇన్ని నెలలు గోలీలు మింగినా నరాలు రాలేదంటే ఇక రావేమోనని డాక్టరు ఇచ్చిన కాగితం తీసి మళ్లీ చదివాను.

ఆ ఆదివారం అంగట్లో వంకాయలు ఏరుతుంటే కాక కనిపించాడు. బాపుతో సద్ది తినే కాకే. నన్ను చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బిడ్డా, నీ కడుపు సల్లగుండ. గా చిన్న గోలీలు మంచిగ పనిచేసినయి. నా కాళ్ల తిమ్మిర్లు పోయినయి. ఇగ గదే పంపు, మార్చకు."

"ఏ గోలీలు కాకా?"

"నువ్వు పంపేటియే. మొదలు పంపినది గొంతుల ఇరికిందని చెప్పి పంపిన గదా. దుబాయిది నాకు పడలే. శనివారం నేను ఒక్కపొద్దుంట, నీసు ముట్ట."

వంకాయ చేతిలోనే ఉండిపోయింది. తేన్పులు కాకవి. కామెర్ల భయం కాకది. నోరు పూసింది కాకకు. నాలుగు నెలలుగా నేను బస్సుల్లో లేబుళ్లు చదివి, షాపుల్లో మాటలు పడి, జగిత్యాల పోయి సీసా మోసి వెతికింది కాక ఒంటికి పడే గోలీని.

"మరి బాపు మింగడా?"

కాక వింతగా చూశాడు. "ఆయనెందుకు మింగుతడు? వచ్చే నెల మెడికల్ బోర్డుకు పేరిచ్చిండు గదా. కాళ్లు బాగైతే ఫిట్ అని తోలేస్తరు. నీకు తెల్వదా?"

తెలియంది నాకొక్కదానికే. మా దగ్గర పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన దారే అది. పనిచేసే మనిషి జబ్బుతో బాయికి పనికిరాడని డాక్టర్లు రాస్తే, ఆ కొలువు ఇంట్లో ఒకరికి వస్తుంది. సర్వీసు కొంత మిగిలి ఉండగానే పోవాలి. రిటైరై దిగిపోయే ఏడు దగ్గర పడితే ఆ దారి మూసుకుంటుంది. అందుకే మెమో. అందుకే ఫొటోలు. కాళ్లు ఎంత మొద్దుబారితే అంత మంచిదని బాపు లెక్క.

కూరగాయల సంచి అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాను. బాపు మంచం మీద కూర్చుని కాలు చాపుకుని ఉన్నాడు. అవ్వ బియ్యం చెరుగుతోంది.

"గోలీలు ఎవరికిస్తున్నవ్ బాపూ?"

ఆయన అవ్వ వైపు చూశాడు. అవ్వ చాట ఆపింది.

"పారేస్తలేను గదా. ఒకలకు పనికొచ్చినయి," అన్నాడు.

"మరి నీ కాళ్లు?"

"కాళ్లకేమైతది. ఇంట్ల కూసుండేటోనికి గింత నడిస్తె సాలు. బిడ్డా, గా బడిల నువ్వు గొంతు చించుకుంటె ఇచ్చేటిది బస్సుకే సాలుతలేదు. నేను దిగిపోతె గీ క్వార్టర్ గుడ ఉండది. నీకేమియ్యాలె నేను?"

అబద్ధం ఎందుకు రాయాలి? ఆ మాటకు ఒక్క నిమిషం నాకు ఆశ పుట్టింది. కంపెనీ కొలువు. నా పేరు మీద క్వార్టరు. పొద్దున ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని పని చేసుకుంటున్నట్టు, బడి కరస్పాండెంటుకు రాజీనామా కాగితం ఇస్తున్నట్టు నిలబడ్డ చోటే నాకు కనబడింది. గోలీలు మింగించడానికి నాలుగు నెలలు తిరిగిన నేనే ఇంకొక్క నెల మింగకుంటే ఏమవుతుంది అనుకున్నాను. ఇప్పటికీ ఆ నిమిషం గుర్తొస్తే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పుడే ఒక ఈగ వచ్చి బాపు అరికాలి మీద, మొల దిగిన పుండు అంచున వాలింది. బాపు నన్నే చూస్తున్నాడు. అది పుండు మీద అటూ ఇటూ నడిచింది. ఆయన కాలు కదల్చలేదు. విసనకర్ర అందుకుని నేనే తోలాను. ఎందుకు విసురుతున్నానో కూడా ఆయనకు అర్థం కాలేదు.

"నా మెమో ఇటు తే," అన్నాను.

"ఎందుకే?"

"నా సంతకం లేకుండ ఎవలకు ఇస్తరో నేను గుడ చూస్త. నీ కాళ్లు అమ్ముకుని తెచ్చే కొలువు నాకద్దు."

"పిచ్చి మాట్లాడకు. సదువుకున్నదానివి."

"సదువుకున్న గనుకనే నీ కాళ్ల గురించి నాకు తెలుసు. నీకు తెల్వదు."

బాపు గొంతు పెంచాడు. నేనూ పెంచాను. పక్క క్వార్టరు తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. మా ఇద్దరిలో ఎవరమూ తగ్గలేదు. అవ్వే లేచి లోపలికి పోయింది. సందుగ తెరిచి నా మెమో ఉన్న ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి బాపు ముందు పెట్టింది.

"నాకు అవిటి మనిషద్దు," అంది అవ్వ. ఆమె అన్నది అంతే.

బాపు గోలీ మింగాడు. నాలుక ఎత్తమని చూశాను. చంటిపిల్లవాడికి చేసినట్టు చేస్తున్నానని కోపం వచ్చి నాతో వారం రోజులు మాట్లాడలేదు. బోర్డు రోజున ఎవరికీ చెప్పకుండా మామూలుగా షిఫ్టుకు పోయాడు. అప్పటి నుంచి పొద్దున ఒక రొట్టె ముక్క, గోలీ, నోరు తెరిచి చూపించడం. ఈ పరీక్ష రోజూ నడిచింది. సద్ది మూతలో కూడా ఒక గోలీ పెట్టాను, కాక కోసం. బాగవుతున్న మనిషిని మధ్యలో వదిలెయ్యలేను కదా. దాంతో షాపాయన నన్ను డబ్బాలు మింగే మనిషిని చూసినట్టు చూసేవాడు.

నోరు తెరిచినప్పుడల్లా బాపు ఏదో ఒక మాట అనేవాడు. గోలీ చేదన్నాడు. నిద్ర పడుతలేదన్నాడు. ఆకలి ఎక్కువైందన్నాడు, దానికి కూడా గోలీనే తిట్టాడు. ఈసారి ఫిర్యాదులు ఆయనవే కాబట్టి ఒక్క గోలీ కూడా మార్చలేదు. నాకు ఓపిక అయిపోయింది. పడినా పడకపోయినా అదే అని చెప్పాను.

చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో ఒక ఆదివారం, బాపు కాక ఇంటికి పోయి కుంటుకుంటూ వచ్చాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గడప దగ్గర ఆగి విసుగ్గా అన్నాడు.

"ఏం చెప్పులు కొన్నవే గివి. కరుస్తున్నయి."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. గోలీలు అయిపోయాయి, ఇప్పుడు చెప్పులు. "కరీంనగర్ల ఏసుకుని నడిచి మంచిగున్నయన్నవ్ గదా," అన్నాను తల ఎత్తకుండా. "ఇన్ని నెలలు కరవనియి ఇయ్యాల ఎట్ల కరుస్తయి?"

ఆ మాట నా నోట్లోంచి పోయాక నాకే వినబడింది. పెన్ను పక్కన పెట్టి లేచి పోయాను. బాపు చెప్పు విప్పి చూపించాడు. వెనక పట్టీ ఆనే చోట, మడమ మీద ఎర్రగా కందింది. దాని కింద తోలు గట్టిపడి, నల్లబడి, పాత పుళ్ల మచ్చలున్నాయి. ఆ చెప్పులు కొన్ననాటి నుంచీ కరుస్తూనే ఉన్నాయి.

వేలితో ముట్టుకున్నాను. బాపు కాలు వెనక్కి గుంజుకుని, "నొస్తుంది గదనే," అన్నాడు.

అవ్వను పిలిచాను. ఆమె వచ్చి చూసింది. నేను మళ్లీ ముట్టుకున్నాను, బాపు మళ్లీ కాలు గుంజుకుని ఇద్దరినీ తిట్టాడు. పెద్ద సైజు కొనుక్కొని రమ్మన్నాడు. ఆ చెప్పులనే ఇంకో రెండు రోజులు తొడుక్కొమ్మని చెప్పి, పేపర్లు దిద్దుకోవడానికి పోయాను.